నేనేం ముట్టుకోలే!

సర్వర్ పడిపోయిందంటే మా ఆఫీసులో ముందు వినపడే మాట ఒకటే: "అన్నా, నేనేం ముట్టుకోలే!" సర్వర్లు వాటంతటవే చెడిపోతాయనీ, ఆ వారం వాటికి గ్రహబలం బాలేదనీ నమ్మే సిస్టమ్ అడ్మిన్ల జాతి మాది.

లినక్స్ సర్వర్ సెట్టింగులు చాలావరకు స్లాష్ ఈటీసీ డైరెక్టరీలో ఉంటాయి. అందులో ఏ ఫైల్లో వేలు పెట్టాలన్నా ముందు ఓ కాపీ తీసుకోవడం మా ఆచారం. బ్యాక్, బ్యాక్‌టూ, ఓల్డ్, ఓల్డ్‌న్యూ, ఫైనల్, ఆ పక్కనే 'డోంట్ డిలీట్'. ఏది ఎవరు పెట్టారో ఎవరికీ తెలీదు. తీసేసే దమ్ము మాత్రం ఎవడికీ లేదు.

అసలు తమాషా అప్‌డేట్ రాత్రి చూడాలి. డెబియన్‌లో ప్యాకేజీ కొత్త కన్ఫిగ్ ఫైలు తెస్తుంది. ఉన్నదాన్ని మనవాడెవడో ఎప్పుడో గెలికి ఉంటాడు. ప్యాకేజీలు ఎక్కించే డీపీకేజీ ఆగి అడుగుతుంది: కొత్తది పెట్టాలంటే వై, ఉన్నది ఉంచాలంటే ఎన్, తేడా చూడాలంటే డి. అర్ధరాత్రి తేడాలు చూసే ఓపిక ఎవడికుంది? కళ్లు మూసుకుని ఎంటర్ కొడతాడు. పాతదే ఉండిపోతుంది, కొత్తది డీపీకేజీ-డిస్ట్ అని తోక తగిలించుకుని పక్కన చేరుతుంది.

మా సంగతి తెలిసినవాడిలా జోయీ హెస్ అనే డెబియన్ ప్రోగ్రామర్ 2007లో ఈటీసీకీపర్ రాశాడు. ఈటీసీ మొత్తాన్నీ మార్పుల చిట్టా రాసే గిట్‌లో పెట్టేస్తుందది. ఫైలు ఎవరిది, ఎవరు చదవొచ్చు లాంటి వివరాలు గిట్‌కు పెద్దగా పట్టవు కాబట్టి, వాటిని విడిగా రాసిపెట్టుకుంటుంది. పాస్‌వర్డుల షాడో ఫైలు కూడా లోపలే ఉంటుంది గనక రిపోజిటరీకి తాళం వేసి ఉంచుతుంది. (దాన్ని తీసుకెళ్లి బయటి సర్వర్‌కు పుష్ చేసే మహానుభావుణ్ని మాత్రం ఏ తాళమూ ఆపలేదు.) 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఊళ్లలో కరణాలను తీసేసింది గానీ, మా సర్వర్లో మళ్లీ ఒకాయన వచ్చి కూర్చున్నాడన్నమాట.

నాకు బాగా నచ్చింది దాని అపనమ్మకం. అప్‌డేట్లు నడిపే ఆప్ట్ పని మొదలుపెట్టకముందే అది ఈటీసీ అంతా ఓసారి చూస్తుంది. ఎవరూ కమిట్ చేయని మార్పులుంటే ముందు వాటిని భద్రం చేసి, ఆ తర్వాతే ఆప్ట్‌ను కదలనిస్తుంది. అప్‌డేట్ అయ్యాక వచ్చిన మార్పులకు ఇంకో కమిట్. మా టీం స్వయంగా కమిట్ రాస్తుందన్న భ్రమ దానికి ఏ కోశానా లేదు.

మొదట్లో లాగ్ తీస్తే ప్రతి కమిట్ దగ్గరా 'రూట్' అనే ఉండేది. రూట్ ఎవరయ్యా అంటే, అందరమూను. అప్పుడు తలా ఒక అకౌంట్ ఇచ్చి సుడోతో రమ్మన్నారు. సుడో వాడినవాడి పేరే కమిట్ మీద పడుతుంది. ఇక దొంగ దొరికినట్టే అనుకున్నాం.

ఇక్కడే ఉంది మెలిక. అప్‌డేట్‌కు ముందు పడే కమిట్ మీద ఆప్ట్ నడిపినవాడి పేరుంటుంది గానీ, ఫైలు గెలికినవాడిది కాదు. రోజూ దానంతటది కమిట్ చేసే సదుపాయాన్ని లాగ్ నిండా చెత్త పడుతోందని అప్పటికే ఎవరో ఆపేశారు. ఎవరని అడిగితే, ఎవరూ ముట్టుకోలేదు.

ఈ రహస్యం తెలిశాక సీనియర్లెవరూ అప్‌డేట్ జోలికి పోవడం లేదు. ఆ పని కొత్తగా చేరిన కుర్రాడికి ఇచ్చారు. లాగ్ ప్రకారం అతగాడు చేరిన వారంలోనే ఫైర్‌వాల్, మెయిల్, డీఎన్‌ఎస్ అన్నీ ఒంటిచేత్తో మార్చిపారేశాడు. మేనేజరు ముచ్చటపడి అప్రైజల్లో 'మంచి చొరవ ఉన్న కుర్రాడు' అని రాశాడట.