ఎరువు ఎముకలు

చట్రమనునది వేరుగా లేక, అడుగును ప్రక్కలను పైకప్పును ఒకటిగా అతికి నిలిపిన కారునకు ఆ కప్పు కాస్త తీసివేసినచో దాని ఒడలు ఎంత వదులగునో, తీసివేసిన ఇంజనీరులు ఎరుగకపోలేదు. ఎరిగియే, కప్పులేని బిడ్డకు కప్పున్న బిడ్డకంటె దిట్టమైన ఎముకలు లోలోపల అమర్చిరి. 1964 ఏప్రిల్ 17వ తేదీన న్యూయార్కు ప్రపంచ ప్రదర్శనమున ఫోర్డు కంపెనీవారు 2,368 డాలర్ల మొదటి ధరతో మస్టాంగును లోకమునకు చూపినప్పుడు, ఆ పొడవైన ముక్కును, పొట్టి తోకను చూచి మురిసిన జనములో క్రిందికి వంగి చూచినవారు మిక్కిలి అరుదు. వంగినవారికి కనిపించునది అదే కంపెనీవారి ఫాల్కను. కంపెనీ అధికారి రాబర్టు మెక్‌నమారాగారి పొదుపు బుద్ధికి పుట్టిన ఆ సాదా కారు మీదనే మరియొక అధికారి లీ అయకోకాగారు అలంకారములన్నియు తొడిగించిరి. కనుక ఈ రెండును ఏకగోత్రములు.

ఈ గోత్రప్రవరలన్నియు నాకు మా బావమరిది వలన పట్టుబడినవి. డెట్రాయిటు పొరుగున కాపురముండు ఈతడు 1966 నాటి మస్టాంగు కూపే ఒకటి కొని, దానికి బిగి చాలదని బెంగపెట్టుకొనెను. స్వభావరీత్యా ఇతడు బంధువుల వద్ద చేయి చాపువాడు కాడు. పెండ్లిలో పెట్టిన బట్టలకు సైతము మరునాడే మారుబట్టలు పెట్టి ఋణము తీర్చుకొను పౌరుషవంతుడు. అట్టివాడు కారు విషయమునకు వచ్చునప్పటికి మాత్రము, దాని పినతండ్రి పెదతండ్రి బిడ్డల ఇండ్లన్నియు గాలించి, ఎవరి వద్ద ఏ ఎముక గట్టిదో విచారించి, నిస్సంకోచముగా ఎరువు తెచ్చుటకు సిద్ధపడెను.

వ్యాధి ఏదనగా, ఆ కారు ముందు స్ప్రింగులు పై ఆర్ము నెత్తిన కూర్చుండి, గతుకు తగిలినప్పుడెల్ల ఇంజనుకు ఇరుప్రక్కల నున్న షాక్ టవర్లను పైకి పొడుచును. పొడుపులు తిని తిని, ఏండ్లు గడచినకొలది ఆ టవర్లు రెండును ఇంజను వైపునకు, రహస్యము చెప్పుకొనబోవు వియ్యపురాండ్ర వలె, ఒకదాని మీదికొకటి ఒరుగును. వానిని వెనుకనున్న ఫైర్‌వాల్‌కు కట్టి నిలుపుటకు కంపెనీవారు ఇచ్చినవి రెండు పలుచని రేకు బద్దలు. అయితే విదేశములకు పంపిన మస్టాంగులకు వీని స్థానమున రెండు టవర్లను ఫైర్‌వాల్‌ను కలుపు ఏకఖండమైన దిట్టపు బద్ద నొకటి బిగించిరి. దానికి ఎక్స్‌పోర్టు బ్రేస్ అని పేరు. మస్టాంగు అను నామధేయము జర్మనీలో అప్పటికే క్రుప్పు కంపెనీవారి సొత్తగుటచే ఆ దేశమునకు పోయిన బండి టి-5 అని పేరు మార్చుకొనవలసి వచ్చెనట. పరదేశము పోయి పేరు కుదించుకొన్న చుట్టములు మనకును లేకపోలేదు గాని, వారి వద్దనుండి ఇంత పనికివచ్చు వస్తువు మాకెన్నడును రాలేదు.

రెండవ ఎముక ఫాల్కను ఇంటిది. 1963, 1964 సంవత్సరములలో ఫోర్డువారు ఫాల్కను స్ప్రింట్లను మాంటీ కార్లో ర్యాలీకి పంపిరి; రెండవ ఏట స్వీడను దేశీయుడు బో యుంగ్‌ఫెల్ట్ ఆ బరువైన బండితో, ప్యాడీ హాప్‌కిర్క్ నడిపిన చిన్న మినీ కూపరుకు మాత్రమే లోబడి, రెండవ స్థానమున నిలిచెను. టవరునుండి టవరునకు ఇంజను మీదుగా అడ్డముగా పోవు కడ్డీకి ఆ పందెము పేరే నిలిచి మాంటీ కార్లో బార్ అయినది. 1965లో పందెపు కార్లు తీర్చు క్యారల్ షెల్బీగారు మస్టాంగునుండి చేసిన తమ జి.టి.350కి ఈ రెంటిని కలిపి బిగించిరి. అడ్డకడ్డీ ఒకటి, వెనుకకు పోవు బద్ద ఒకటి చేరి త్రికోణమగును. భుజము సాగినగాని కుంచించినగాని త్రికోణము ఆకారము మార్చదు గనుక టవర్లు ఇక ఒరుగజాలవు. ఇంతవరకు శాస్త్రము నిర్దుష్టము.

బిగింపు నాడు తెలిసినదేమనగా, కడ్డీ నిడివి 1966 నాటి టవర్లకు సరిపోవును గాని నేటి టవర్లకు సరిపోదు. ఒక కొన బోల్టు దిగిన తోడనే రెండవ కొన రంధ్రము ప్రక్కకు తప్పుకొని, సగము చంద్రవంక వలె మాత్రమే కనిపించుచుండెను. అంతట మా బావమరిది రెండు టవర్ల నడుమ చెక్కముక్కలు ఆనించి, మర జాకీ నొకదానిని అడ్డముగా పెట్టి, "బావగారూ, మెల్లగా తిప్పండి, నేను చెప్పగానే ఆపండి" అని నాకు అప్పగించి, తాను పానా పట్టుకొని రంధ్రమునకు కన్ను ఆనించెను. రేకు కిర్రుమనుచుండ, నేను తిప్పుచుండ, చంద్రవంక కొంచెము కొంచెముగా పూర్ణబింబమైనది. ద్వారమున నిలిచి చూచుచున్న మా ఆవిడ, "ఎరువు సొమ్ము బరువు చేటురా తమ్ముడూ" అనగా, "ఇది ఎంత బరువే అక్కా!" అని అతడు నిజముగానే కడ్డీ తూకము గూర్చి సమాధానము చెప్పెను.

నా అభిప్రాయము అడిగినవారు లేరు గాని చెప్పెదను. ఈ కారునకు అసలైన ఉపకారము కన్వర్టిబులు అక్క వద్ద ఉన్నది. తలుపుల క్రింది రాకర్లలో ఆమెకు దళసరి రేకు; వాని కొసలను ముందు ఫ్రేము పట్టాలకు కలుపు టార్కు బాక్సులు; అవి తెచ్చి కూపేకు అతికినచో ఒడలంతయు బిగియును. పైగా మిషిగన్‌లో శీతకాలమున రోడ్లపై చల్లు ఉప్పు ముందుగా తినివేయునదియు ఆ చోటులనే. కాని వానిని తెచ్చుటకు బండి కోయవలెను, వెల్డింగు చేయవలెను, అంతయు అయిన పిమ్మట రంగుక్రింద దాగిపోవును. ఇంటికి వచ్చినవారికి రాకరు చీల్చి చూపలేము. బానెట్ ఎత్తి కడ్డీ చూపవచ్చును. బిగువు కొలుచు సాధనము లేనిచోట మెరుపే కొలమానమగుట సహజము.

బిగింపు ముగిసి బండిలో తిరుగునప్పుడు, "తేడా తెలిసిందా బావగారూ?" అని అతడు మలుపు మలుపునకు అడుగుచుండెను. స్టీరింగు ఒకింత సూటిగా పలుకుచున్నట్లును, డ్యాష్‌బోర్డులోని గిలక చప్పుడు తగ్గినట్లును నాకు తోచిన మాట నిజమే. ఆ చప్పుడు మా సంభాషణలో మునిగిపోయి ఉండవచ్చునను సంశయమును నేను బయటపెట్టలేదు.

చిక్కు ఒక్కటే మిగిలెను. ఇంజను పైభాగమున ఏ చిన్న పనికైనను ఆ కడ్డీ అడ్డము. ఊడదీయుట క్షణము, తిరిగి ఎక్కించుటకు టవర్లు మరల దూరము జరుగవలెను. అందుచేత ఆ జాకీ వారి గరాజునందే స్థిరనివాస మేర్పరచుకొన్నది. మొన్న మా కారు టైరు పంచరై, డిక్కీ తెరచి, "మన జాకీ ఏదండీ?" అని మా ఆవిడ అడుగగా, "మీ తమ్ముడి మస్టాంగును నిలబెట్టుచున్నది" అంటిని.