402 వాళ్ళ నాన్నగారు

హైదరాబాదు ఎర్రమంజిల్‌లో పాతికేళ్ళు దాటిన అపార్ట్‌మెంటు ఏదైనా సరే, లిఫ్టు పక్కన ఒక ప్లాస్టిక్ కుర్చీ ఉంటుంది. పొద్దున్నే ఆ కుర్చీలో ఒక పెద్దాయన ఉంటారు. ఆయనకు పేరుండదు, ఫ్లాటు నంబరు ఉంటుంది. మా దగ్గర ఆ నంబరు 402. పాలవాడి దగ్గర్నుంచి అసోసియేషన్ సెక్రటరీ దాకా అందరికీ ఆయన '402 వాళ్ళ నాన్నగారు'.

బాపట్లలో మాత్రం ఆయన మేష్టారు. అగ్రికల్చర్ కాలేజీలో ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పి రిటైరయ్యారు. సైకిల్ మీద బజారులోకి వస్తుంటే కిరాణా కొట్టాయన కాటా ఆపి నమస్కారం పెట్టేవాడట. ఖాతా పుస్తకంలో ఈయన బాకీ కూడా ఉండేదనుకోండి, అది వేరే సంగతి. ఇక్కడ సెక్యూరిటీ కుర్రాడు మొదటి నెలంతా ఆయన్ని ఆపి 'ఎవరింటికి సార్' అని అడిగాడు. నేను మాత్రం 'మేష్టారూ' అని పిలుస్తాను. అందుకు ప్రతిఫలంగా రోజూ అరగంట బాపట్ల వినాలి.

"మా ఊళ్ళో మనుషులు రెండు రకాలయ్యా," అంటారు. "కాలేజీ వాళ్ళు, కాలేజీ వాళ్ళకు అమ్మేవాళ్ళు. మూడోవాడు రైతు. ఈ ఇద్దరూ వాడి పేరు చెప్పుకుని బతుకుతారు."

ఆ కాలేజీ 1945లో పెట్టింది. వ్యవసాయం చదువుకు తెలుగునాట అంతకన్నా పాత కాలేజీ లేదు. ఇంజనీరింగ్ కాలేజీ 1981లో వచ్చింది. ఇక అప్పట్నుంచి ఊరు పంచాంగం చూడ్డం మానేసి పరీక్షల టైమ్‌టేబుల్ చూడ్డం మొదలెట్టిందని మేష్టారి అభియోగం. సంక్రాంతికి పిల్లలు ఇళ్ళకు పోతే మెస్సులు మూత, జిరాక్సు కొట్లు మూత, ఇస్త్రీబండి అతను కూడా అత్తగారింటికి. వాళ్ళు తిరిగొచ్చిన రోజు అద్దె గదుల ముందు బకెట్లు, చాపలు, పచ్చడి జాడీలు. ఊరు దాటితే ఒకవైపు కాలువ కింద మాగాణి, ఇంకోవైపు ఇసక నేలల్లో జీడిమామిడి, ఆపైన సూర్యలంక సముద్రం. సాయంత్రం అయిదింటికి సముద్రం గాలి తిరిగితే కాలేజీ వరండాలో కాగితాలు ఎగిరేవి. ఆ కాగితాల్లో ఒకసారి మార్కుల లిస్టు కూడా ఎగిరిపోయిందనీ, ఆ ఏడు అందరూ పాసయ్యారనీ అంటారు. నేను నమ్మలేదు.

అలాంటి మనిషిని కొడుకు తెచ్చి నాలుగో అంతస్తులో పెట్టాడు.

వచ్చిన వారానికే ఆయన ఎర్రమంజిల్ పేరు మీద పరిశోధన మొదలుపెట్టారు. ఎర్ర అన్నారు కాబట్టి ఎర్రమట్టి ఉండాలి. ఒకచోట సెల్లారు తవ్వుతుంటే వెళ్ళి, జేసీబీ డ్రైవర్ని బతిమాలి, చేతిరుమాల్లో గుప్పెడు మట్టి మూటగట్టుకుని వచ్చారు. "చల్క నేల! వేరుశనగకు బ్రహ్మాండంగా ఉంటుంది!" చదరపు గజం ఎంత పలుకుతోందో కొడుకు చెప్పాడు. ఆ లెక్కన ఒక వేరుశనక్కాయ ధర ఎంత పడుతుందో మేష్టారు ఓ పూట కూర్చుని తేల్చారు కూడా. పేరు సంగతి నేను చెప్పాల్సి వచ్చింది. ఒకప్పుడు నవాబు ఫక్రుల్ ముల్క్ ఈ గుట్ట మీద మహల్ కట్టి, స్వర్గం అనే అర్థం వచ్చేలా ఇరం మంజిల్ అన్నాడనీ, మనవాళ్ళ నోట్లో అది ఎర్రమంజిల్‌గా స్థిరపడిందనీ చెప్పాను. 2019లో అసెంబ్లీ కోసం ఆ మహల్‌ను కూలుస్తామంటే హైకోర్టు అడ్డుకుందనీ చెప్పాను. "అంటే స్వర్గం అన్నమాట," అని మెట్రో పిల్లర్ల వైపు చూశారు. ఆ చూపులో వ్యంగ్యం ఉందో లేదో నేటికీ తేల్చుకోలేకపోయాను.

ఆయన్ని నిజంగా ఆశ్చర్యపరిచింది ఇంకోటి. సాగునీటి శాఖ వారి జలసౌధ ఎర్రమంజిల్‌లోనే ఉంది. పౌరసరఫరాల భవన్ కూడా ఇక్కడే. "నీళ్ళ ఆఫీసుంది, బియ్యం ఆఫీసుంది. మధ్యలో పొలం ఒక్కటే మర్చిపోయారు," అన్నారు. ఆ రెండు ఆఫీసుల్లోనూ తన శిష్యులు ఉండి తీరతారని ఆయన నమ్మకం. అగ్రికల్చర్ బీఎస్సీ చదివినవాడు పొలంలో తప్ప ఎక్కడైనా ఉంటాడు గదా. బ్యాంకులో ఉంటాడు, సచివాలయంలో ఉంటాడు, గ్రూప్ వన్ రాసి ఇంకేదో శాఖలో ఉంటాడు. పంజగుట్టలో ఒక బ్యాంకు మేనేజరు నిజంగానే లేచి నిలబడి "మేష్టారూ!" అన్నాడు. ఆ రోజు కాలు నేలమీద ఆనలేదు. ఆ ఊపులో ఎర్రమంజిల్ మెట్రో స్టేషను పక్క మాల్‌లోకి వెళ్ళి, అక్కడి కుండీలో మొక్కను చాలాసేపు పరీక్షించారు. ముదురాకు పాలిపోతే నత్రజని లోపం, లేతాకు పాలిపోతే ఇనుము లోపం. ఈ మొక్కలో రెండూ లేవు. "ఒక్క తెగులూ లేదు, నాకెందుకో అనుమానంగా ఉందయ్యా," అన్నారు. ప్లాస్టిక్ మొక్క అని చెప్పడానికి నాకు మనసొప్పలేదు.

ఇక బియ్యం. ఇది లేకపోతే మేష్టారు లేరు.

కిరాణా కొట్లో బస్తాల ముందు నిలబడి కుర్రాణ్ణి అడిగారు. "ఇదేం రకం, అబ్బాయ్?"

"బీపీటీ సార్."

"బీపీటీ అంటే?"

కుర్రాడు ఒక్క క్షణం ఆలోచించాడు. "బెస్ట్ ప్రీమియం టైపు సార్."

తర్వాతి ఇరవై నిమిషాలు ఆ కొట్లో బేరం సాగలేదు. బీపీటీ అంటే బాపట్ల. పుట్టిన పరిశోధన కేంద్రం పేరే గింజ పేరు. ఎంటీయూ అంటే మార్టేరు, ఎన్నెల్లార్ అంటే నెల్లూరు, జేజీయల్ అంటే జగిత్యాల. డాక్టర్ ఎం.వి. రెడ్డి గారు బాపట్లలో తయారుచేస్తే 1986లో విడుదలైంది బీపీటీ 5204. అసలు పేరు సాంబ మసూరి. మీరు కర్నూలు సోనా అని కొన్నా, ఇంకేదో సోనా అని కొన్నా, చాలాసార్లు బస్తాలో ఉన్నది మా బాపట్ల గింజే. నూట యాభై రోజుల పంట. వెనక క్యూలో ఒకావిడ, "అంకుల్, కందిపప్పు ఇప్పించండి ముందు," అంది. ఆవిడ ఇంట్లో రాత్రి వండిన అన్నం కూడా బీపీటీయే అయ్యుంటుందని మేష్టారి వేదన. కోటిమంది తిని చెయ్యి కడుక్కుంటున్నారు, ఊరి పేరు తెలిసినవాడు ఒక్కడు లేడు!

పెళ్ళిళ్ళకు తీసుకెళ్ళడం కోడలు మానేసింది. వడ్డించేవాడు అన్నం పెడితే ఈయన రెండు మెతుకులు వేళ్ళమధ్య నలిపి, పక్కవాళ్ళకు పుట్టుపూర్వోత్తరాలు మొదలెడతారు.

ఆయనకు సరిజోడు మా వాచ్‌మన్ ఒక్కడే. మిర్యాలగూడ దిక్కువాడు, రెండెకరాలు తమ్ముడికి అప్పగించి వచ్చాడు. కుర్చీ పక్కన నిలబడి అంతా విని, నెమ్మదిగా అన్నాడు. "బీపీటీ ఇప్పుడు యాడేస్తున్నం సారూ. అగ్గితెగులు కొడ్తది. మాదంత ఆరెన్నారే."

మేష్టారి మొహం చూడాల్సింది. ఆరెన్నార్ 15048, తెలంగాణ సోన, 2015లో రాజేంద్రనగర్‌లో విడుదలైంది. అగ్గితెగులును తట్టుకుంటుంది, నాలుగు నెలలు తిరిగేసరికి కోతకొస్తుంది, పైగా షుగరున్నవాళ్ళకు మంచిదని పేరు. ఇందులో ఒక్కటీ మేష్టారు కాదనలేరు. చదువుకున్న మనిషి కదా. "రుచి వేరయ్యా," అన్నారు. ఓడిపోతున్న పండితుడి చివరి మాట అది. "రుచి మంచిగుంటది సారూ, ధర గూడ రావాలె గద," అన్నాడు వాచ్‌మన్. మర్నాడు మేష్టారు కొత్త అస్త్రంతో దిగారు. సాంబ మసూరికి బాక్టీరియా ఎండాకు తెగులు రాకుండా సరిచేసి 2008లో మళ్ళీ విడుదల చేశారు, తెలుసా? వాచ్‌మన్ అడిగాడు, "ఎవరు జేసిన్రు సారూ?" రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ, హబ్సిగూడ సీసీఎంబీ కలిసి చేశాయి. అంటే హైదరాబాదే. మేష్టారు జవాబు చెప్పకుండా లిఫ్టెక్కారు.

బాల్కనీలో టమాటా ప్రయోగం కూడా ఇలాగే చేతికొచ్చి జారిపోయింది. పన్నెండు పెయింటు డబ్బాలు. మూడు రకాల పోషణ, ఒక్కోదానికి నాలుగేసి డబ్బాలు. నాలుగింటికి యూరియా, నాలుగింటికి వంటింటి తొక్కుల ఎరువు, నాలుగింటికి వట్టి నీళ్ళు. ఆ వట్టి నీళ్ళ డబ్బాలే పోలిక చూసుకోడానికి. ఏ డబ్బా ఎక్కడ ఉండాలో చీటీలు తీసి మరీ పెట్టారు. రెండు నెలల తర్వాత ఏమీ వెయ్యని డబ్బాలు విరగగాశాయి! మేష్టారు వ్యవసాయశాస్త్రం పునాదులు కదిలాయనుకున్నారు. చివరికి తేలిందేమంటే, పనమ్మాయి ఆ నాలుగు మొక్కల్నీ చూసి జాలిపడి రోజూ బియ్యం కడిగిన నీళ్ళు పోస్తోంది. "పాపం, వీటికి పెద్దయ్యగారు ఏం పెట్టట్లేదమ్మా," అందట కోడలితో.

ఆయన సంతోషంగా కనిపించేది అమీర్‌పేటలో. మైత్రీవనం దగ్గర కోర్సుల కరపత్రాలు పంచే కుర్రాళ్ళ నుంచి మనం తప్పించుకు తిరుగుతాం. ఈయన ఎదురెళ్ళి తీసుకుంటారు. తీసుకుని, "మీదే ఊరబ్బాయ్? ఏ మండలం? ఏం వేశారీసారి?" అంటారు. భుజానికి బ్యాగు, చేతిలో ఫోను, హాస్టలు మెస్సు మీద కోపం. ఇదే పిల్లల్ని ముప్ఫై ఏళ్ళు చూశారు మరి. "ఇదీ కాలేజీ ఊరేనయ్యా. కాలేజీ లేదు, సెలవులు లేవు, అంతే తేడా," అంటారు. ఒకసారి గుంటూరు వైపు పిల్లాడొకడు మిరప అన్నాడు. ఏం పురుగు? వాడికేం తెలుసు. నాన్నకు వీడియో కాల్ చేయించారు. ఆయన చేలో నిలబడి పువ్వు విప్పి చూపించాడు. నల్ల తామరపురుగు. మెట్రో మెట్ల కింద, రెండు బజ్జీల బండ్ల మధ్య, మేష్టారు అరగంట పాఠం చెప్పారు. నీలం రంగు జిగురు అట్టలు ఎకరానికి ఎన్ని పెట్టాలి, కనిపించిన మందల్లా కొడితే ఎందుకు ఎక్కువవుతుంది. చుట్టూ పదిమంది చేరారు. అందరూ ఏదో కొత్త కోర్సు డెమో అనుకుని ఫీజెంత అని అడిగారు. ఇంటికొచ్చి ఆ మాట నాకు మూడుసార్లు చెప్పారు.

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ రెండు రోజులు టీవీల్లో ఊరి పేరు మోగిపోయింది. హైదరాబాదు అంతా బాపట్ల అంటోంది, ఎన్నాళ్ళనుంచో ఆయన కోరుకున్నది అదే. మేష్టారు మాత్రం కుర్చీలో లేరు. ఫోనులో ఉన్నారు. కోతకొచ్చిన సాంబ మసూరి నీళ్ళలో పడుకుంది. పనల మీద ఉన్నదాన్ని ఉప్పునీళ్ళు చల్లి మొలకరాకుండా కాపాడుకోమని ఒక్కొక్కరికీ చెబుతున్నారు. వాచ్‌మన్ పైకెళ్ళి గుమ్మం దగ్గర నిలబడ్డాడట. ఆ రోజు ఆరెన్నార్ మాట ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

మొన్నీమధ్య కోడలు నన్ను మెట్ల మీద ఆపి గుట్టు విప్పింది. మావయ్యగారికి షుగర్ పెరిగిందని ఆరు నెలలుగా డబ్బాలో పోస్తున్నది ఆరెన్నార్ బియ్యం. ఆయనకు తెలియదు. రోజూ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని "ఎంతైనా బీపీటీ బీపీటీయేనమ్మా" అంటున్నారు. ఆ అమ్మాయి నవ్వాపుకోలేక వంటింట్లోకి పారిపోతోంది.

ఆదివారం నన్ను భోజనానికి పిలిచారు. మేష్టారు అన్నం కలుపుకుని, వంటింటికి వినపడేలా అదే మాట అన్నారు. నేను తల వంచుకుని గోంగూర మీద దృష్టి పెట్టాను. తిన్నాక ఇద్దరం కిందికి వచ్చాం. ఆయన కుర్చీలో కూర్చుని, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించారు.

"ఆరెన్నార్ కదయ్యా అది."

నాకు నోట మాట రాలేదు.

"ముప్ఫై ఏళ్ళు గింజ చూసినవాణ్ణి. మొదటి రోజే పోల్చాను. సన్నగా, చిన్నగా ఉంది."

"మరి రోజూ బీపీటీ అంటున్నారు?"

"నేను కనిపెట్టానని తెలిస్తే ఆ పిల్ల నొచ్చుకుంటుంది, మళ్ళీ బీపీటీ తెప్పిస్తుంది. దీని రుచీ బానే ఉందిలే." అంతలో గేటు వైపు చూసి ఉలిక్కిపడ్డారు. "ఆ మిర్యాలగూడ వాడికి మాత్రం తెలియనివ్వకు."

తెలియనివ్వలేదు. మీలో ఎవరైనా మా అపార్ట్‌మెంటుకు వస్తే, గేటు దగ్గర వాచ్‌మన్‌తో ఏమైనా మాట్లాడండి గానీ బియ్యం సంగతి ఎత్తకండి.