మౌస్ పనిచేయడం లేదా? అయితే ఇక్కడ క్లిక్ చేయండి

ఏఐ మీట ఉన్న మౌస్ గురించి ఇప్పటికే అందరూ మాట్లాడేశారు. మీట నొక్కితే ఈమెయిల్ రాసిపెడుతుందట, నోటితో చెబితే టైపు కొట్టిపెడుతుందట, మనం రాసింది బాగాలేకపోతే తనే దిద్దుతుందట. సంతోషం. నా పేచీ దాని తెలివితేటలతో కాదు. డబ్బా వెనకాల, ధర స్టిక్కరు కింద, భూతద్దానికి కూడా అందని అక్షరాల్లో ఉండే షరతులతో. సాఫ్ట్‌వేర్ ఎక్కించుకోవాలి. విండోస్ 10 గానీ అంతకు పైది గానీ ఉండాలి. ఇంటర్నెట్ ఉండాలి. వీలైతే ఖాతా తెరవాలి. అద్దె ఇంటికి కూడా ఇన్ని అడగరు. ఓనరు మహా అయితే మాంసం తింటారా అని అడిగి ఊరుకుంటాడు.

మౌస్‌కి ఎందుకండీ ఇవన్నీ?

అది కంప్యూటరుతో చెప్పే మాటలు ఎంత తక్కువో తెలిస్తే మీకే జాలేస్తుంది. యూఎస్‌బీ మౌస్‌కి నిర్దేశించిన కనీస భాష 3 బైట్లు. ఏ మీట నొక్కారన్నది మొదటి బైటు, అడ్డంగా ఎంత జరిగిందన్నది రెండోది, నిలువుగా ఎంత జరిగిందన్నది మూడోది. చక్రం ఉంటే ఇంకో బైటు. అంతకుముందు గుండ్రటి పిన్నుతో వచ్చిన పీఎస్/2 మౌస్‌దీ 3 బైట్లే. దానికంటే ముందు సీరియల్ పోర్టులో దూర్చి స్క్రూలు బిగించిన మైక్రోసాఫ్ట్ మౌస్‌దీ 3 బైట్లే. 1964లో బిల్ ఇంగ్లిష్ చెక్క డబ్బాతో మొదటి మౌస్ చేసిపెడితే, 1968 డిసెంబర్ 9న డగ్లస్ ఎంగెల్‌బార్ట్ శాన్‌ఫ్రాన్సిస్కోలో దాన్ని సభకు చూపించాడు. ఆ రోజు ఆయన్ని ఎవరూ పాస్‌వర్డ్ అడగలేదు.

డాస్ రోజుల్లో డ్రైవర్ అడిగితే అర్థముంది. డాస్‌కి మౌస్ అంటే ఏమిటో తెలియదు. అందుకే మౌస్‌తోపాటు ఒక ఫ్లాపీ ఇచ్చేవాళ్లు. అందులోని మౌస్.కామ్ అనే ఫైలు పేరుతో ఆటోఎగ్జెక్.బ్యాట్‌లో ఒక లైను రాస్తే సరి. ఉన్నదే 640 కేబీ మెమరీ, అందులో ఎవరెంత చోటు ఆక్రమిస్తున్నారో జనం లెక్కలు వేసుకునేవాళ్లు. మౌస్ డ్రైవర్ కాస్త ఒళ్లు చేసిందంటే, మెమరీలో 3 కేబీ, 4 కేబీతో సరిపెట్టుకునే క్యూట్‌మౌస్‌ని వెతికి మరీ తెచ్చుకునేవాళ్లు. కామ్1లో మౌస్ పెట్టి కామ్3లో మోడెమ్ పెడితే రెండూ ఐఆర్‌క్యూ 4 అనే ఒకే లైను కోసం కొట్టుకునేవి, ఇంటర్నెట్ కలిస్తే బాణం చచ్చేది. చికాకే. కానీ ఆ చికాకుకి కారణముంది, ఆ కారణం మాన్యువల్లో అచ్చయి ఉండేది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మౌస్ పనిచేయాలంటే సాఫ్ట్‌వేర్ ఎక్కించాలి. సాఫ్ట్‌వేర్ ఎక్కించాలంటే "నెక్స్ట్" మీద క్లిక్ చేయాలి. క్లిక్ చేయడానికి మౌస్ పనిచేయాలి. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు. ఈ సామెత పుట్టినప్పుడు కంప్యూటర్లు లేవు గానీ, పుట్టించినవాడు మాత్రం ఏదో ఒక కంపెనీ హెల్ప్ పేజీ ముందుగానే చూసి ఉంటాడు. "మీ మౌస్ స్పందించడం లేదా? పరిష్కారం కోసం ఇక్కడ క్లిక్ చేయండి." రాసినవాడికి జీతమిచ్చారు. సరిచూసినవాడికీ ఇచ్చారు.

ఇది నేటి జబ్బు కాదు. విండోస్ 98లో కొత్త యూఎస్‌బీ మౌస్ పెడితే "కొత్త హార్డ్‌వేర్ దొరికింది" అంటూ ఒక విజార్డు లేచి కూర్చునేది. నెక్స్ట్, నెక్స్ట్, మళ్లీ నెక్స్ట్. చివర్లో విండోస్ 98 సీడీ పెట్టమనేది. సీడీ ఏమో అసెంబుల్ చేసిచ్చిన కుర్రాడి సంచిలో ఉండేది. కుర్రాడు ఊళ్లో ఉండేవాడు కాదు. కీబోర్డు మీద ఎంటర్ కొట్టడం తెలిసినవాళ్లు గట్టెక్కారు, తెలియనివాళ్లు ఆ విజార్డుని చూస్తూ కూర్చున్నారు.

విండోస్ 7 దగ్గరికొచ్చేసరికి ఈ కళ పరాకాష్ఠకు చేరింది. ఆ విండోస్ 2009లో వచ్చింది, దాని ఇన్‌స్టాలేషన్ డిస్కులో యూఎస్‌బీ 3.0కి డ్రైవర్ లేదు. 2015లో ఇంటెల్ స్కైలేక్ బోర్డులు వచ్చాయి, వాటిలో పాత తరహా యూఎస్‌బీ కంట్రోలరుని తీసేశారు. ఫలితం చూడండి. కొత్త సీపీయూ కొని, పాత విండోస్ 7 వేద్దామని కూర్చుంటారు. డిస్కు బాగానే తిరుగుతుంది, తెర మీద భాష ఎంచుకోమంటుంది. మౌస్ కదలదు. కీబోర్డూ కదలదు. మౌస్ కింద ఎర్ర లైటు అప్పటిదాకా వెలిగి, సెటప్ తెర రాగానే ఆరిపోతుంది. పెన్‌డ్రైవ్‌తో వేస్తుంటే ఇంకా వినోదం. సీడీ డ్రైవే లేని యంత్రాన్ని పట్టుకుని, "సీడీ, డీవీడీ డ్రైవ్‌కి కావలసిన డ్రైవర్ దొరకలేదు, బ్రౌజ్ చేసి చూపించండి" అని అడుగుతుంది. దేనితో చూపించాలి? వేలితోనా?

దీనికి విరుగుడు వేరే కంప్యూటరు దగ్గర కూర్చుని, ఆ పెన్‌డ్రైవ్‌లోకి ముందే యూఎస్‌బీ 3.0 డ్రైవర్లు జొప్పించడం. లేదా బోర్డు వెనకాల ఊదా రంగు పీఎస్/2 రంధ్రం మిగిలుంటే, అటక మీది పాత కీబోర్డు దింపి దుమ్ము దులిపి పెట్టడం. అంటే కొత్త బోర్డుని బతికించింది ఎవరండీ? పాతది.

అసలు మౌస్ లేకుండానే బాణం నడిపే దారి విండోస్‌లో ఎప్పటినుంచో ఉంది. ఎడమవైపు ఆల్ట్, ఎడమవైపు షిఫ్ట్, నమ్‌లాక్ మూడూ కలిపి నొక్కి, అడిగినదానికి ఎంటర్ కొడితే కుడివైపు అంకెల మీటలే మౌస్ అయిపోతాయి. 8 కొడితే పైకి, 2 కొడితే కిందికి, 5 కొడితే క్లిక్. చేయి సరిగా స్వాధీనంలో లేనివాళ్ల కోసం పెట్టిన మహత్తరమైన సదుపాయం ఇది. ఒక్క మౌస్ కంపెనీ అయినా డబ్బాలో పెట్టే కాగితం మీద ఈ ముక్క రాసిన పాపాన పోయిందా? నేనైతే చూడలేదు. ఆ కాగితం మీద ఇరవై భాషల్లో మౌస్‌ని మింగకూడదని మాత్రం రాసి ఉంటుంది.

మా బావమరిదికి డీటీపీ షాపుంది. శుభలేఖలు, కరపత్రాలు, వర్ధంతి కార్డులు. అతని సిస్టమ్ విండోస్ 7, అందులో పేజ్‌మేకర్ 7, అను ఫాంట్లు. ఏళ్ల తరబడి చేసిన ఫైళ్లన్నీ ఆ ఫాంట్లలోనే ఉన్నాయి. యూనికోడ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే వధూవరుల పేర్లు చిలక్కొట్టుడు గీతలవుతాయి. ఆ సిస్టమ్‌కి ఇంటర్నెట్ తీగ కూడా లేదు, కాబట్టి దయచేసి ఎవరూ భద్రత గురించి పాఠం చెప్పొద్దు. సరిగ్గా మూఢం వెళ్లి ముహూర్తాలు మొదలైన వారంలో అతని మౌస్ ఒకసారి నొక్కితే రెండుసార్లు నొక్కినట్టు పలకడం మొదలుపెట్టింది. కొత్తది కొన్నాడు. పెట్టగానే బాణం కదిలింది. అక్కడ ఆగితే కథే లేదు. కానీ కాగితం మీద "ముందుగా మా సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేయండి" అని ఉందే! బుద్ధిమంతుడు కనుక పక్క షాపులో దించుకుని పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఎక్కించాడు. బాణం గడ్డకట్టుకుపోయింది. డివైస్ మేనేజర్‌లో మౌస్ పక్కన పసుపు పచ్చ త్రికోణం, కోడ్ 52. దాని వెనకాల ఆ సాఫ్ట్‌వేర్ కిటికీ తెరుచుకుని తీరిగ్గా ఈమెయిల్ అడుగుతోంది.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాడు. "మీ ఓఎస్ పాతది సార్, అప్‌గ్రేడ్ చేసుకోండి సార్" అన్నాడు అవతలివాడు. నాకు ఫోన్ చేసి, "బావా, వీడు నాకు మౌస్ అమ్మాడా, కంప్యూటర్ అమ్మబోతున్నాడా?" అన్నాడు ఇతను.

కోడ్ 52 అంటే డ్రైవర్ మీద ఉన్న డిజిటల్ సంతకాన్ని విండోస్ గుర్తుపట్టలేదని. కొత్త డ్రైవర్లు ఎస్‌హెచ్‌ఏ-2 అనే పద్ధతిలో సంతకం చేసుకుని వస్తున్నాయి. విండోస్ 7కి ఆ సంతకం చదవడం రావాలంటే మైక్రోసాఫ్ట్ విడిగా ఇచ్చిన అప్‌డేట్లు వేసుకోవాలి. ఆ ముక్క కంపెనీకి తెలుసు. తెలిసి కూడా తన ఇన్‌స్టాలర్‌లో "నీకు నేను పనికిరాను, పెట్టుకోకు" అని ఒక్క హెచ్చరిక పెట్టడానికి చేతులు రాలేదు. పనిచేస్తున్న మౌస్‌ని చంపి, ఆపైన నీ కంప్యూటరు ముసలిదైపోయిందని తిట్టి పంపడమేమిటి? ఇది సాంకేతిక సమస్య కాదు, తలపొగరు. విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కి 2020 జనవరి 14న, విండోస్ 10కి 2025 అక్టోబర్ 14న సపోర్టు ఆపారు. సరే, అది మైక్రోసాఫ్ట్ లెక్క. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలంటున్నారు, అదీ వాళ్లిష్టం. కానీ 3 బైట్లు మాట్లాడే వస్తువుకి ఈ తేదీలతో ఏం సంబంధం? ఇంటి అద్దె, కరెంటు బిల్లు, కుర్రాడి జీతం అన్నీ ఆ పాత సిస్టమ్ మీదే గడుపుకొస్తున్నవాడిని, బాణం కదలడం కోసం సిస్టమే మార్చుకోమనడానికి సిగ్గుండాలి. పాతబడిందని మీరు తేల్చిన ఆ యంత్రం పొద్దున్నే లేచి పని చేస్తూనే ఉంది. పని చేయనిది మీ సాఫ్ట్‌వేరు.

డ్రైవర్లు వెతికే జనం కోసం ఇంకో జాతి కాచుకుని ఉంది. "మీ కంప్యూటర్లో డ్రైవర్లన్నీ పాతబడ్డాయి, వెంటనే డబ్బు కట్టండి" అనే అప్‌డేటర్ సాఫ్ట్‌వేర్లు. విండోస్‌తోనే వచ్చే మౌస్ డ్రైవర్ వివరాలు తెరిచి చూడండి, తేదీ 2006 జూన్ 21 అని ఉంటుంది. నిన్న కొన్న లాప్‌టాప్‌లోనైనా అంతే. మైక్రోసాఫ్ట్ కావాలనే ఆ తేదీ వేస్తుంది. పరికరం తయారుచేసినవాళ్లు తమ డ్రైవర్ ఇస్తే దాని తేదీ కొత్తదవుతుంది కాబట్టి విండోస్ దానికే పెద్దపీట వేస్తుందని. ఈ మర్యాదని పట్టుకుని, చూశారా మీ డ్రైవర్‌కి ఇన్నేళ్లు నిండాయి అని బెదిరించి డబ్బులు దండుకుంటున్నారు.

ఇక మౌస్ సాఫ్ట్‌వేర్‌కిచ్చే అధికారాల సంగతి. 2021 ఆగస్టులో రేజర్ కంపెనీ మౌస్ బాగోతం బయటపడింది. ఆ మౌస్‌ని విండోస్ 10లో గుచ్చితే చాలు, దాని ఇన్‌స్టాలర్ విండోస్ అప్‌డేట్ ద్వారా దిగి, కంప్యూటరు మీద సర్వాధికారాలతో లేచేది. ఎక్కడ పెట్టమంటారు అని ఫోల్డరు అడిగే కిటికీలో షిఫ్ట్ పట్టుకుని కుడి మీట నొక్కి పవర్‌షెల్ తెరిస్తే, ఆ అధికారాలన్నీ గుచ్చినవాడి చేతికొచ్చేవి. కంపెనీ తర్వాత సరిచేసింది, నిజమే. బాణాన్ని కదిపేవాడికి బీరువా తాళాలు ఎందుకిచ్చారో మాత్రం ఇప్పటికీ అర్థం కాదు.

2024లో లాజిటెక్ సీఈఓ ఒక ఇంటర్వ్యూలో జీవితాంతం వాడుకునే మౌస్, దాని సాఫ్ట్‌వేర్‌కి బహుశా చందా అన్న ఊహని బయటపెట్టారు. జనం విరుచుకుపడ్డాక అది ఆలోచన మాత్రమేనని కంపెనీ సర్దుకుంది. 2026 జనవరిలో అదే కంపెనీ సర్టిఫికెట్ రెన్యువల్ చేయడం మరచిపోతే ఎందరో మ్యాక్ వాడకందార్ల మౌస్ సెట్టింగులు గల్లంతయ్యాయి. ఇక సైజు సంగతి. విండోస్ 95 మొత్తం 13 ఫ్లాపీల్లో వచ్చింది. మౌస్ సాఫ్ట్‌వేర్ 300 ఎంబీ అనుకున్నా దానికి 200 పైచిలుకు ఫ్లాపీలు కావాలి. పాత పరికరాలు అమ్మేవాడి దగ్గర అన్ని దొరుకుతాయేమో కనుక్కోండి.

మా బావమరిది మౌస్ సంగతి చెప్పలేదు కదూ. అంకెల మీటలతో డివైస్ మేనేజర్ దాకా నడిపించాను. మౌస్ మీద అన్‌ఇన్‌స్టాల్ కొట్టి, "ఈ పరికరపు డ్రైవర్ సాఫ్ట్‌వేర్‌ని కూడా తీసేయి" అన్న గడిలో టిక్కు పెట్టించాను. మౌస్ పీకి మళ్లీ గుచ్చాడు. 2006 జూన్ 21 నాటి ముసలి డ్రైవర్ వచ్చి పని మొదలుపెట్టింది. శుభలేఖలు ఆ రాత్రే ప్రెస్సుకి వెళ్లాయి.

పాత విండోస్ వాడుతున్న మీకూ నాది అదే సలహా. కొత్త మౌస్ కొంటే గుచ్చండి, బాణం కదిలితే పనిలో పడండి, సాఫ్ట్‌వేర్ కాగితాన్ని చించేయండి. సాఫ్ట్‌వేర్ లేకుండా కదలనంటే దాన్ని డబ్బాలో పెట్టి కొన్న షాపులోనే తిరిగిచ్చేయండి. అందాకా బిల్లు మాత్రం పారేయకండి.