అడ్డొచ్చిన స్తంభం ఆత్మకథ

నేనొక ఇనుప స్తంభాన్ని. ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరంలో, ఎవర్టన్ ఫుట్‌బాల్ క్లబ్ వారి గుడిసన్ పార్క్ మైదానంలో, బుల్లెన్స్ రోడ్ స్టాండును మోస్తూ నిలబడి ఉన్నాను. స్కాట్లండ్ ఇంజనీరు ఆర్చిబాల్డ్ లీచ్ గీసిన నమూనాతో 1926లో ఈ స్టాండు లేచింది. నా పుట్టుకా అప్పుడే. పై అంతస్తు అంచున ఒకదాన్నొకటి అడ్డంగా దాటుతూ అల్లుకున్న ఇనుప కమ్ములు ఆయన పనితనానికి ఆనవాలు. నా పని బరువు మొయ్యడం. నాకు దక్కిన పేరు మాత్రం ‘అడ్డు’.

నా వెనక కూర్చున్నవారికి మైదానం ఎప్పుడూ నిండుగా కనిపించలేదు. కార్నర్ కిక్ అనగానే ఆ వరసంతా ఒక్కసారి ఎడమకు వంగేది. బంతి గాల్లోకి లేవగానే కుడికి వాలేది. గాలికి ఊగే వరిచేనులా ఉండేది ఆ ఊపు. గోల్ పడితే ముందు పక్కవారి కేక వినబడేది, తర్వాతే విషయం తెలిసేది. ఆ కోపమంతా నామీదే. ఎన్ని తిట్లు తిన్నానో లెక్కలేదు.

నేను రెండేళ్ల పసిదాన్నై ఉండగా, 1928 మే 5న, ఆర్సెనల్ మీద ఆడుతూ ఎవర్టన్ ఆటగాడు డిక్సీ డీన్ తలతో బంతిని నెట్టి ఆ సీజన్ లీగ్‌లో తన 60వ గోల్ కొట్టాడు. ఇంగ్లండు అగ్రశ్రేణి లీగ్‌లో ఆ లెక్కను ఇప్పటికీ ఎవరూ దాటలేదు. అదే డీన్ 1980 మార్చి 1న లివర్‌పూల్‌తో మ్యాచ్ చూడ్డానికి వచ్చి, ఇక్కడే గుండె ఆగి కన్నుమూశాడు. ఆయనొక్కడే కాదు. ఈ గడ్డి అంచున వందలమంది అభిమానుల చితాభస్మం ఉంది. చోటు చాలక క్లబ్ ఆ ఆనవాయితీని ఆపేయాల్సి వచ్చింది. ఇల్లు మారేటప్పుడు సామాను తీసుకెళ్లొచ్చు. మట్టిలో కలిసిన తండ్రిని ఎలా తీసుకెళ్తారు?

నా వెనక సీటులో ఒకాయన ఉండేవాడు. 1966 ప్రపంచ కప్‌లో పోర్చుగల్, ఉత్తర కొరియా తలపడిన రోజున పదేళ్ల పిల్లాడిగా తండ్రి వెంట వచ్చాడు. కొరియా 3-0తో ముందుకెళ్లింది. ఆ తర్వాత యుసేబియో నాలుగు గోల్స్ కొట్టాడు, పోర్చుగల్ 5-3తో గెలిచింది. ఆ పిల్లాడు నా పక్కనుంచి మెడ సాచి సాచి చూశాడు. ఊరికే ఉండక గోటితో నా నీలిరంగు పెచ్చు ఒకటి ఊడబీకాడు. ఆ మచ్చమీద తర్వాత ఎన్ని పూతలు పడ్డా గుంట పూడలేదు. పెద్దవాడయ్యాక కూర్చునే ముందు బొటనవేలు ఆ గుంటలో పెట్టి ఒత్తేవాడు. 1985లో ఎవర్టన్ బయెర్న్ మ్యూనిక్‌ను 3-1తో ఓడించిన రాత్రి మాత్రం ఎవరూ కూర్చోలేదు, నన్ను ఎవరూ తిట్టలేదు.

క్లబ్ ఇక్కణ్నుంచి వెళ్లక తప్పదని నాకూ తెలుసు. ఒక పక్క ఇళ్లు, ఒక పక్క బడి, మూలన సెయింట్ లూక్స్ చర్చి. పెరగడానికి జాగా లేదు. పట్టేది నలభై వేలలోపే. పైగా నాలాంటి అడ్డులు. నగరం దాటి కర్క్‌బీకి పోదామన్నప్పుడు అభిమానుల్లో చాలామంది ఎదురు తిరిగారు. చివరికి మెర్సీ నది ఒడ్డున, పాత ఓడల రేవు పూడ్చిన చోట, 52 వేలమందికి పైగా పట్టే స్టేడియం లేచింది. అక్కడ చూపుకి అడ్డొచ్చే స్తంభం లేదట. అది విన్న రోజు నా ఇనుము చల్లబడింది.

2025 మే 18న పురుషుల జట్టు ఇక్కడ ఆఖరి మ్యాచ్ ఆడింది. ఇలిమాన్ ఎన్‌జాయ్ కొట్టిన రెండు గోల్స్‌తో సౌతాంప్టన్ మీద గెలిచింది. ఆట అయిపోయినా జనం కదల్లేదు. నా వెనకాయన లేచి వచ్చాడు. 59 ఏళ్లుగా తిట్టిన నోటితో ఏమీ అనలేదు. నుదురు నాకు ఆనించాడు. గుంటలో బొటనవేలు పెట్టి చాలాసేపు నిలబడ్డాడు.

1892 ఆగస్టు 24న గుడిసన్ తలుపులు తెరుచుకున్నాయి. సరిగ్గా 133 ఏళ్లకు అదే తేదీన కొత్త స్టేడియంలో తొలి లీగ్ మ్యాచ్ జరిగింది. నన్ను మాత్రం పడగొట్టలేదు. గుడిసన్ ఇప్పుడు ఎవర్టన్ మహిళల జట్టుకు సొంతిల్లు. ఇందులో పాత బాకీ ఒకటి తీరింది. 1920 డిసెంబరులో డిక్ కెర్ లేడీస్ అనే మహిళల జట్టు ఆట చూడ్డానికి ఇక్కడికి 53 వేలమంది వచ్చారు. మరుసటి ఏడాదే ఇంగ్లండు ఫుట్‌బాల్ సంఘం తన సభ్య క్లబ్బుల మైదానాల్లో ఆడవాళ్ల ఆటను నిషేధించింది. ఆ నిషేధం తొలగడానికి దాదాపు యాభై ఏళ్లు పట్టింది.

సెప్టెంబరులో ఆడపిల్లలు ఆడుతుంటే ఆయన మళ్లీ వచ్చాడు, మనవరాలి చెయ్యి పట్టుకుని.

“తాతా, కొత్త స్టేడియం బాగుందా?”

“చాలా బాగుంది తల్లీ. అంతా కనిపిస్తుంది. కానీ కార్నర్ కిక్ వచ్చినప్పుడల్లా నేనింకా ఎడమకే వంగుతున్నా.”

ఆ పిల్ల నా చుట్టూ ఒకసారి తిరిగి, గుంట కనబడగానే ఆగి, అందులో బొటనవేలు పెట్టింది.