బండి కట్టేయు శాస్త్రం

వ్యాపారం మొదలుపెట్టడం గురించి మనకు గ్రంథాల కొదవ లేదు. కట్టేయడం గురించే ఎవరికీ పట్టలేదు. కౌటిల్యుడంతటివాడు పదిహేను అధికరణాలు రాసి, స్వదేశీ సరుకు మీద నూటికి 5, పరదేశీ సరుకు మీద నూటికి 10కి మించి లాభం తీయరాదని వర్తకులకు లెక్క కట్టాడే గాని, ఇడ్లీ బండి ఎన్నింటికి కట్టేయాలో చెప్పకుండా ఊరుకున్నాడు. ఆ లోటు పూడ్చడమే ఈ గ్రంథ ప్రయోజనం. పొద్దున తొమ్మిది దాటాక టిఫినుకు వెళ్లి భంగపడినవాడే దీన్ని చదవడానికి అధికారి.

సూత్రం: పిండి అయినచో బండి కట్టునది.

భాష్యం: ఇక్కడ ఉదాహరణ విజయవాడలో మా సందు మొదట్లో బండి. యజమానురాలిని వీధంతా పిన్నీ అంటుంది గనక శాస్త్రంలోనూ పిన్నే. ఆరింటికి పొయ్యి వెలుగుతుంది. తొమ్మిదిన్నరకి, ఒక్కోసారి ఇంకా ముందే, గిన్నె అంచులు గరిటెతో గీకి, ఆ గీకినదాంతో చివరి వాయి వేసి, గిన్నెలో నీళ్లు పోసేస్తుంది. ఆ తర్వాత వచ్చినవాడు పిన్ని మాట నమ్మడు, మెడ చాచి గిన్నెలోకి చూస్తాడు. శబ్దప్రమాణం చాలక ప్రత్యక్షానికి దిగడమన్నమాట. ఇడ్లీ పాత్ర మూత సందుల్లోంచి ఆవిరి వస్తోంది కాబట్టి లోపల ఇడ్లీలు ఉన్నాయని కొందరు అనుమానప్రమాణం తెస్తారు. ఉన్నాయి. అవి పిన్నివి. ఆవిడ ఇంకా టిఫిను చేయలేదు.

పూర్వపక్షి పిన్ని మేనల్లుడు, ఎంబీఏ చదివాడు. ఇన్ని బేరాలు తిప్పి పంపే బదులు ఇంకో రెండు కేజీల మినప్పప్పు పోయొచ్చు కదా అని అతని వాదం. ఆ తర్వాత రెండో బండి, దాని తర్వాత హోటలు, ఆపైన మాదాపూర్‌లో బ్రాంచి. ప్రభుత్వమూ అతని పక్షమే. 2015లో వచ్చిన ముద్రా పథకంలో 50 వేల దాకా అప్పు ‘శిశు’, 5 లక్షల దాకా ‘కిశోర్’, 10 లక్షల దాకా ‘తరుణ్’. పుట్టిన ప్రతి వ్యాపారానికీ మీసాలు మొలవాల్సిందేనని పేర్లలోనే తేల్చేశారు. 2024లో దాన్ని 20 లక్షలకు పెంచాల్సి వచ్చేసరికి ‘తరుణ్ ప్లస్’ అన్నారు; తర్వాతి దశ పేరు పెడితే అప్పుకు ఎవరూ రారని భయం కాబోలు. పిన్ని శిశు అప్పు తీర్చేసి శిశువుగానే ఉండిపోయింది.

సమాధానం పిండిలోనే ఉంది. ఒక పాలు మినప్పప్పుకు రెండు పాళ్లు రవ్వ. దాన్ని పొంగించేది పిన్ని కాదు, ల్యూకోనోస్టాక్ మెసెంటెరాయిడిస్ అనే సూక్ష్మజీవి. దానికి రాత్రంతా కావాలి. ఎనిమిదింటికి జనం మూగారని దాన్ని తొందరపెట్టగల మేనేజరు ఇంకా పుట్టలేదు. అంచేత రేపటి వ్యాపారం ఎంతో ఇవాళ మధ్యాహ్నం పప్పు కొలిచే డబ్బా దగ్గరే తేలిపోతుంది. డబ్బాలు ఎన్నన్నది పిన్ని గిరాకీని బట్టి లెక్కేయదు. ఇంటద్దె, చీటీ, గ్యాసు, అబ్బాయి ఫీజు, పదింటికల్లా ఇంట్లో ఫ్యాను కింద కాళ్లు చాపుకోవడం: ఇవన్నీ గిట్టితే చాలు. అయిదోదాని ఖరీదు కనుక్కునే పద్ధతి ఎంబీఏలో చెప్పినట్టు లేదు.

అపవాదం: వాన. ఆ రోజు పిండి అవదు, బండి కదలదు. పిన్ని పదిన్నర దాకా నిలబడి, ఆకాశాన్నీ మున్సిపాలిటీనీ కలిపి తిడుతుంది. మిగిలిన పిండి సాయంత్రానికి దిబ్బరొట్టెగా మారుతుంది. సాంఖ్యులు పరిణామవాదం అన్నది దీన్నే అయి ఉండాలి.

మొన్న మేనల్లుడు లాప్‌టాప్‌లో రంగురంగుల గీతలు చూపించి, “రెండో బండి పెడితే ఆదాయం రెట్టింపు అత్తా” అన్నాడు.

“పెడదాం. దాని దగ్గర నాలుగింటికి లేచి నువ్వు నిలబడతావా?” అంది పిన్ని, గిన్నె తోముతూనే.

న్యాయశాస్త్రం వాదంలో ఓటమికి 22 నిగ్రహస్థానాలు చెప్పింది. జవాబు తోచక ఆగిపోవడం వాటిలో ఒకటి, దానిపేరు ‘అప్రతిభ’. మేనల్లుడు లాప్‌టాప్ మూసి, ఇడ్లీలేమైనా మిగిలాయా అని అడిగాడు.