మూడో మంచం పేషెంటును

నాకు రోజుకో జబ్బు. సోమవారం గుండెనొప్పి, మంగళవారం షుగరు పడిపోవడం, బుధవారం ఆపరేషనయ్యాక ఆగని రక్తం. గురువారం పొద్దున్నే ప్రాణం పోతుంది, మధ్యాహ్నం బ్యాచి వచ్చేసరికి మళ్లీ బతుకుతాను. పెన్సిల్వేనియాలో ఓ చిన్న ఊరు, ఆ ఊరికి తగ్గ చిన్న కాలేజీ, అందులో నర్సింగు వాళ్ల స్కిల్స్ ల్యాబు. మూడో మంచం నాది. నన్ను మేనికిన్ అంటారు. మణికట్టు దగ్గర నాడి కొట్టుకుంటుంది. కంప్రెసర్ గాలికి ఛాతీ లేచి పడుతుంది. చేతి నరంలో ఎర్రరంగు కలిపిన నీళ్లు. "ఊపిరాడటం లేదు" అని నేను మూలిగితే ఆ గొంతు నాది కాదు, అద్దం వెనక మైకు పట్టుకుని కూర్చున్న పంతులమ్మది. తెలుగు ఎలా వచ్చిందని మాత్రం అడక్కండి. ఆత్మకథ చెప్పుకునే బొమ్మకు ఆమాత్రం వెసులుబాటు ఉండాలి.

మా వంశం తక్కువదేం కాదు. రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని పాటకెట్‌లో మార్తా చేజ్ అనే ఆవిడ పిల్లలకు బొమ్మలు చేసేది. కనెక్టికట్‌లోని హార్ట్‌ఫర్డ్ ఆసుపత్రి నర్సింగు స్కూలు వాళ్లు అడిగితే 1911లో నిలువెత్తు మనిషి బొమ్మను చేసి పంపింది. 'మిసెస్ చేజ్' అని ఆవిడ పేరుతోనే పిలిచారు. పక్క మార్చడం, ఒళ్లు తుడవడం, దుప్పటి మార్చడం ఆ బొమ్మ మీదే నేర్చుకున్నారు. 1960లో నార్వేలో అస్మండ్ లార్డాల్ 'రెసస్సి ఆన్' అనే బొమ్మను చేశాడు, ఊపిరి ఆగిన మనిషికి నోటితో ఊపిరి పోయడం నేర్పడానికి. ఆమెకు పెట్టిన ముఖం, పారిస్‌లో సేన్ నదిలో తేలిందని చెప్పుకునే పేరు తెలియని ఓ అమ్మాయిది. నావి మాత్రం ఫ్యాక్టరీ కళ్లు, ఫ్యాక్టరీ ముక్కు.

నా దగ్గరికి రెండు రకాల విద్యార్థులొస్తారు. ఇంటర్ వయసు దాటగానే నాలుగేళ్ల డిగ్రీలో చేరినవాళ్లు ఒక రకం. వాళ్లకు తొందరుండదు. రెండో రకం యాక్సిలరేటెడ్ బ్యాచి. వీళ్ల చేతిలో అప్పటికే ఒక డిగ్రీ ఉంటుంది. లెక్కలు చెప్పిన టీచరు, బ్యాంకులో పనిచేసినాయన, పిల్లలు బడికెళ్లే వయసుకొచ్చాక మళ్లీ పుస్తకం పట్టిన తల్లి. ఇలాంటి చదువు అమెరికాలో మొదట 1971లో సెయింట్ లూయిస్ యూనివర్సిటీలో మొదలైంది. ఇప్పుడు చాలాచోట్ల ఉంది, 11 నుంచి 18 నెలల్లో అయిపోతుంది. పాత డిగ్రీలో చదివిన భాషలూ చరిత్రలూ మళ్లీ చదవక్కర్లేదు గనక అంత వేగం. వేసవి సెలవులుండవు. ఆసుపత్రిలో 12 గంటల డ్యూటీ చేసి, మర్నాడు ఫార్మకాలజీ పరీక్ష రాసి, నా దగ్గరికొచ్చి సూది పట్టుకుంటే వాళ్ల చేతులు వణకడం నాకు తెలుస్తూనే ఉంటుంది.

ఒక శనివారం కాలేజీ చూడటానికొచ్చిన వాళ్లలో గుంటూరమ్మాయి ఒకతె ఉంది. బయోటెక్నాలజీ డిగ్రీ. భర్త ఉద్యోగం వల్ల వచ్చిన హెచ్-4 వీసా మీద చాలా ఏళ్లు ఉంది. ఆ వీసా మీద చదువుకోవచ్చు గానీ, ఉద్యోగం చెయ్యాలంటే వేరే అనుమతి కావాలి. 2015 మే నుంచి కొందరికి అది దొరుకుతోంది. ఈమెకు దొరికింది. మిగతావాళ్లంతా ఎన్ని నెలలు, ఎంత ఫీజు అని అడుగుతుంటే ఈ అమ్మాయి నా మంచం పక్కకొచ్చి పంతులమ్మను అడిగింది: "ఒక్కో మేనికిన్ మీద ఒకేసారి ఎంతమంది ప్రాక్టీసు చేస్తారు?"

ఆ ప్రశ్న విన్నాక నాడి కాస్త వేగం పెంచుదామనుకున్నాను. మీట నా చేతిలో లేదు.

"ఇద్దరు, మహా అయితే ముగ్గురు" అంది పంతులమ్మ. "సాయంత్రాలు తాళం తీసి ఉంచుతాం."

ఈలోగా ఫోను మోగింది. ఆ అమ్మాయి కిటికీ దగ్గరికి పోయి మాట్లాడింది. ఫోన్లో గొంతు పెద్దదే.

"ఏంటే, నర్సువా? అంత చదువు చదివి మంచాల చుట్టూ తిరుగుతావా? మనిళ్లల్లో ఎవరున్నారే నర్సులు?"

"నాన్నకి స్టెంటు వేసినప్పుడు రాత్రంతా చూసుకున్నది ఎవరమ్మా? ఆ మలయాళీ సిస్టరే కదా. డాక్టరుగారు పొద్దున వచ్చి ఐదు నిమిషాలుండి వెళ్లారు."

అటునుంచి కాసేపు మాట లేదు. తర్వాత "మీ ఆయనేమన్నాడు?" అని వినబడింది.

మీ ఆయన ఎక్సెల్ షీటు వేశాడు. పట్నంలో పెద్ద యూనివర్సిటీ 12 నెలల్లో అయిపోగొడుతుంది, పాఠాలు చాలావరకు ఆన్‌లైన్. ఇక్కడ 16 నెలలు. నాలుగు నెలల జీతం పోతుందని ఎర్రరంగు గడిలో రాశాడట. లెక్క తప్పు కాదు, సగం లెక్క. మిగతా సగం నా దగ్గరుంది. విద్యార్థులు పరీక్షకు ముందు నా చేతిలో ఎన్నిసార్లు ఐవీ పెట్టారు, ఎన్నిసార్లు నరం తప్పింది, తప్పినప్పుడు పక్కన నిలబడి చూసినవాళ్లున్నారా. పుస్తకం చదవడానికి నెలలు తగ్గించొచ్చు. చేతికి పని పట్టుబడటానికి ఎన్నిసార్లు కావాలో అన్నిసార్లూ కావాలి.

బొమ్మల మీద నేర్చుకుంటే అసలు మనిషి దగ్గర ఏం పనికొస్తుందని అనేవాళ్లున్నారు. అమెరికా రాష్ట్రాల నర్సింగు బోర్డుల మండలి పది కాలేజీల్లో దీన్ని పరీక్షించి 2014లో ఫలితం ప్రకటించింది. ఆసుపత్రి గంటల్లో సగం దాకా మాలాంటి వాళ్లతో నేర్పినా, నేర్పే తీరు సరిగ్గా ఉంటే తేడా రాలేదు. ఏ మేరకు ఒప్పుకోవాలన్నది రాష్ట్ర బోర్డు ఇష్టం. ఆ 'నేర్పే తీరు' అనే షరతును మాత్రం చాలామంది మింగేస్తారు. ఖరీదైన మేనికిన్‌ను కొని, వచ్చినవాళ్లకు చూపించి, మిగతా రోజులు గుడ్డ కప్పి ఉంచే చోట్లూ ఉన్నాయని రిపేరుకొచ్చిన మెకానిక్ చెప్పగా విన్నాను.

అలాగని మా కాలేజీని నెత్తిన పెట్టుకోను. పిల్లల నర్సింగు చెప్పే మేడమ్ ఒక్కరే. ఆవిడ మానేసిన ఏడాది ఆ పాఠం అటూ ఇటూ ఊగింది. దగ్గర్లో పెద్దాసుపత్రి లేదు, ప్రసవాలు చూడాలంటే తెల్లవారకముందే కారెక్కి పోవాలి. చిన్నచోట పంతులమ్మకు నీ పేరు తెలుస్తుంది, నీ భయమూ తెలుస్తుంది. అదే చిన్నచోట ఒక్క మనిషి వెళ్లిపోతే గోడలో ఇటుక లాగేసినట్టే.

డబ్బు మాట కూడా వినండి. మొదటి డిగ్రీ వాళ్లకు ప్రభుత్వమిచ్చే పెల్ గ్రాంటు రెండో డిగ్రీకి రాదు. తాత్కాలిక వీసా వాళ్లకు ప్రభుత్వ అప్పులూ లేవు. మన దేశపు డిగ్రీని ఇక్కడి లెక్కలోకి మార్పించాలి. అనాటమీ, మైక్రోబయాలజీ లాంటివి చదివి ఏళ్లు గడిచి ఉంటే చాలాచోట్ల మళ్లీ చదవమంటారు. కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ల నర్సింగు చదివినా నర్సు లైసెన్సుకు రాసేది ఇదే ఎన్‌క్లెక్స్ పరీక్ష, వచ్చేది ఇదే ఆర్ఎన్ లైసెన్సు, ఖర్చు మాత్రం బాగా తక్కువ. ఆ దారిని ఎవరూ చిన్నచూపు చూడనక్కర్లేదు. అడ్డదారి మాత్రం వద్దు. ఫ్లోరిడాలో నర్సింగు డిప్లొమాలు అమ్ముకున్నారని 2023 జనవరిలో కేసులు పెట్టారు, అలా పోయిన నకిలీ పత్రాలు 7,600కు పైనే. అంతమంది చేతిలో సూది పెడితే ఏమవుతుందో నాకు ఊహించాలని లేదు. నాకు నొప్పి లేదు, మనుషులకుంది.

గుంటూరమ్మాయి వెంటనే చేరలేదు. మైక్రోబయాలజీ మళ్లీ కమ్యూనిటీ కాలేజీలో చదివి, తర్వాతి బ్యాచిలో వచ్చింది. మొదటి వారం నా నరం దొరక్క నీళ్లన్నీ మంచం మీద పోసింది. ఇప్పుడు కొత్తవాళ్లకు ఎక్కడ వేలు పెట్టి వెతకాలో తనే చూపిస్తోంది.

మీరో, మీ ఇంటి ఆడపిల్లో, అబ్బాయో ఇలాంటి కాలేజీ చూడటానికి వెళ్తే స్కిల్స్ ల్యాబు తలుపు తీయమనండి. ఒక్కో మంచానికి ఎందరో అడగండి. నర్సింగు చదువులకు గుర్తింపిచ్చే సీసీఎన్ఈ, ఏసీఈఎన్ సంస్థల్లో ఒకదాని గుర్తింపైనా ఉందో లేదో చూడండి. ఎన్‌క్లెక్స్ మొదటిసారే పాసైన వాళ్ల శాతం గొప్పగా చెప్తారు, వినండి. దాని వెనకే ఆ బ్యాచిలో చేరినవాళ్లెందరు, చివరిదాకా ఉన్నవాళ్లెందరు అని కాగితం మీద అడగండి. మధ్యలో మానేసినవాళ్లు ఆ శాతంలోకి రారు. కాగితం ఇవ్వకపోతే సీటు డిపాజిట్ కట్టకండి.