చోటు

గుమ్మలక్ష్మీపురం దాటాక జీపు ఆగిపోయింది. అక్కడి నుంచి నడకే. ముందు సవర తాత, వెనక కప్పల మీద పరిశోధన చేసే కుర్రాడు.

బండల మీద పొరలుగా లేచిన రాతి పలకల్ని తాత ఒక్కొక్కటే ఎత్తుతున్నాడు. కుర్రాడు వంగి చూస్తున్నాడు. చూడ్డం అయ్యాక తాత పలకను ఎలా ఉన్నదాన్ని అలా పెడుతున్నాడు. అంగుళం కూడా జరగనివ్వడు.

మధ్యాహ్నం గెడ్డ ఒడ్డున అన్నం మూటలు విప్పారు. తాత అడిగాడు, ఇంత దూరం కప్ప కోసమెందుకని.

కుర్రాడు చెప్పాడు. 1876లో లండన్‌లో గుంథర్ అనే శాస్త్రజ్ఞుడు మన దేశపు గోదురుకప్ప ఒకదానికి పేరు పెట్టాడు. నున్నటి చర్మం, చదునైన ఒళ్లు. అది దొరికిన చోటు ‘మలబారు’ అని నమోదైంది. మలబారంటే కేరళ వైపు. తీరా ఆ కప్ప తర్వాత కనిపించింది మన దగ్గర, తిరుపతి జిల్లా సత్యవేడు అడవుల్లాంటి చోట్ల.

“మరి పట్టినోడు కొండ పేరు అడగనేదేటి బాబూ?”

“అడిగాడో లేదో తాతా, రాయడం మాత్రం రాయలేదు. ఇలాంటి జీవాలకు కొండే దీవి. కొన్ని ఆ ఒక్క దీవిలో తప్ప ఎక్కడా బతకవు. చోటు తప్పు రాస్తే, అదొక కొండ మీద చచ్చిపోతుంటే మనం ఇంకో కొండకు కాపలా కాస్తాం.”

తాత చాలాసేపు మాట్లాడలేదు.

పొద్దు వాలుతుండగా ఒక పలక కింద చిన్న గోదురుకప్ప. కదల్లేదు. గొంతు కింద తోలు మాత్రం కొట్టుకుంటోంది. కుర్రాడు నేల మీద బోర్లా పడుకుని ఫొటోలు తీశాడు. ఫోను చార్జింగు అక్కడితో అయిపోయింది.

తాత పక్కనే గొంతుక్కూర్చుని చెప్పడం మొదలుపెట్టాడు. ఆ బండ పేరు, కింద పారే గెడ్డ పేరు, పైనున్న కొండ పేరు, దానికా పేరెందుకొచ్చిందో. ఆ కొండల్లో పేరు లేని రాయి ఉండదు. మళ్లీ మళ్లీ చెప్పాడు. కుర్రాడు తలూపాడు.

కింద జీపు హారన్ మోగింది. కుర్రాడు నోటుబుక్కు తీశాడు. తేదీ రాశాడు. టైము రాశాడు. కప్ప పొడవు రెండుసార్లు కొలిచి మిల్లీమీటర్లలో రాశాడు.

చోటు అన్న గడిలో రాశాడు: ‘తూర్పు కనుమలు’.

తూర్పు కనుమలు ఒడిశా నుంచి తమిళనాడు దాకా ఉన్నాయి.